ఏడాది అధ్యక్షుడు, పాతికేళ్ల పని



జూలై వచ్చిందంటే భీమవరం చుట్టూ సార్వా నాట్లు, ఊళ్లో సేవా క్లబ్బుల పదవీ స్వీకారాలు ఒకేసారి ఊపందుకుంటాయి. ప్రకాశం చౌక్‌లో ఫ్లెక్సీలు వెలుస్తాయి. సాయంత్రం ఫంక్షన్ హాల్లో పాత అధ్యక్షుడి మెడలోని హారం కొత్త అధ్యక్షుడి మెడలోకి మారుతుంది. క్లబ్బు జిల్లా నాయకులు ఎవరో ఒకరు వచ్చి ప్రమాణం చేయిస్తారు. ఇద్దరు ముగ్గురు మహిళలకు కుట్టుమిషన్లు, బడిపిల్లలకు నోటు పుస్తకాలు, డాక్టర్స్ డే కాబట్టి ఊళ్లో పేరున్న డాక్టర్లకు శాలువాలు. మర్నాడు జిల్లా పేజీలో ఫొటో. రోటరీ అయినా, లయన్స్ అయినా వాళ్ల సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30తో అయిపోతుంది. అధ్యక్షుడి గడువూ అంతే. మళ్లీ జూలైకి ఇంకొకరు.

పన్నెండు నెలలకోసారి పెద్ద మారిపోయే సంస్థ పాతికేళ్లు పట్టే పనిని నెత్తికెత్తుకోగలదా? ఎత్తుకోగలదు. ఎత్తుకుని గెలిచింది కూడా. ఎలా గెలిచిందో, ఏ పనుల్ని మధ్యలో దించేస్తోందో చూస్తే, మన ఊళ్లో ఈ క్లబ్బుల నుంచి ఏం ఆశించాలో, వాళ్లని ఏం అడగాలో తెలుస్తుంది.

1905 ఫిబ్రవరి 23న షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు ముగ్గురు స్నేహితులతో కూర్చున్నాడు. ఒకరిది బొగ్గు వ్యాపారం, ఒకరు గనుల ఇంజనీరు, ఒకరిది దర్జీ పని. వ్యాపార పరిచయాలు పెంచుకుందాం, కాస్త స్నేహంగా ఉందాం అన్నదే మొదట్లో ఉద్దేశం. రెండేళ్లు తిరిగేసరికి ఆ గుంపు ఊరి పనిలోకి దిగింది. 1907లో వాళ్లు పట్టుకున్న మొదటి పని ఏమిటో తెలుసా? షికాగో నడిబజారులో జనానికి పబ్లిక్ మరుగుదొడ్లు కట్టించడం. రోటరీ చరిత్రలో మొట్టమొదటి సేవా కార్యక్రమం అదే. 1917లో అదే షికాగోలో మెల్విన్ జోన్స్ అనే బీమా వ్యాపారి చొరవతో లయన్స్ పుట్టింది. రోటరీ 1920 నాటికి కలకత్తా చేరింది, లయన్స్ 1956లో బొంబాయిలో అడుగుపెట్టింది. అక్కడి నుంచి చిన్న చిన్న పట్టణాలకు పాకాయి.

అంతమాత్రాన గోదావరి జిల్లాలు సేవ చేయడం షికాగో నుంచి నేర్చుకున్నాయనుకుంటే పొరపాటు. మండపేటలో పుట్టి, లంకల గన్నవరంలో కాపురం చేసిన డొక్కా సీతమ్మ గారు ఏటి దారిన వచ్చిపోయేవాళ్లకు వేళాపాళా చూడకుండా అన్నం పెట్టారు. ఆమె కన్నుమూసింది 1909లో. అప్పటికి రోటరీ వయసు నాలుగేళ్లు. ఈ రోజు మన ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికి ఉన్నది ఆమె పేరే. భీమవరంలోనే చూడండి. స్వాతంత్ర్యానికి రెండేళ్ల ముందు, 1945లోనే ఇక్కడ కాలేజీ మొదలైంది. ఇప్పుడు దాన్ని డీఎన్నార్ కాలేజీ అంటున్నాం. ఇక మావుళ్లమ్మ అమ్మవారి ఉత్సవాలు. సంక్రాంతి నుంచి నెల దాటి సాగే ఆ ఉత్సవాలను ఏటేటా ముందుండి నడిపేది నీరుల్లి, కూరగాయలు, పండ్ల వర్తకుల సంఘం. ఉల్లిపాయల బస్తాలు దింపే చేతులే వేల మందికి అన్నసమారాధన చేస్తాయి. వాళ్లకు ఏ క్లబ్బు జిల్లా గవర్నరూ ప్రమాణం చేయించలేదు.

మరి క్లబ్బు కొత్తగా తెచ్చిందేమిటి? మినిట్స్ పుస్తకం తెచ్చింది. చందాకు రసీదు, ఏడాది చివర లెక్కల తనిఖీ తెచ్చింది. డాక్టరు, మిల్లు యజమాని, లెక్చరరు, ఎరువుల కొట్టాయన వారానికో పదిహేను రోజులకో ఒకే బల్ల చుట్టూ కూర్చునే అలవాటు తెచ్చింది. అన్నిటికీ మించి, భీమవరంలో ఒక పని తలపెడితే అదే రోజు అదే పని చేసే క్లబ్బులు దేశమంతా, ప్రపంచమంతా ఉండేలా చేసింది. ఈ చివరి సంగతి ఎంత బలమైనదో పోలియో దగ్గర బయటపడింది.

ఇప్పుడు నలభై దాటినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఏ ఊళ్లో చూసినా, ఏ తరగతి గదిలో చూసినా, కాలు చచ్చుబడి మోకాలి మీద చెయ్యి ఆనించి నడిచే పిల్లలు ఒకరిద్దరు ఉండేవారు. 1988లో ప్రపంచం మొత్తం మీద ఏడాదికి మూడున్నర లక్షల మంది పిల్లలు ఈ జబ్బు బారిన పడుతున్నారని అంచనా. రోటరీ 1979లో ఫిలిప్పీన్స్‌లో చుక్కలమందు వేయించడం మొదలుపెట్టి, 1985లో పోలియోప్లస్ పేరుతో ప్రపంచవ్యాప్త కార్యక్రమంగా ప్రకటించింది. మన దేశంలో 1995 నుంచి పల్స్ పోలియో ఆదివారాలు వచ్చాయి.

ఆ ఆదివారం పొద్దున్న పని ఎలా ఉండేదో కొంచెం దగ్గరగా చూద్దాం. తెల్లవారకుండానే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి ఐసు పెట్టిన వ్యాక్సిన్ డబ్బాలు బయల్దేరాలి. ఒక్కో సీసా మీద చిన్న గుర్తు ఉంటుంది: వృత్తం, దాని మధ్యలో చతురస్రం. లోపలి చతురస్రం చుట్టూ ఉన్న రంగు కంటే లేతగా ఉన్నంతసేపే మందు పనికొస్తుంది. వేడి తగిలి అది ముదిరిందా, సీసా పక్కన పెట్టేయాల్సిందే. ఎండాకాలపు ఉక్కలో ఆ చతురస్రం మీద ఓ కన్నేసి ఉంచడమే పెద్ద పని. అయిదేళ్ల లోపు పిల్లల నోట్లో రెండు చుక్కలు, ఎడమ చేతి చిటికెన వేలి గోరు మీద సిరా గుర్తు. మర్నాటి నుంచి ఇంటింటికీ తిరగడం. పిల్లలందరికీ వేసేస్తే గోడ మీద ‘పి’ అని, ఎవరైనా మిగిలిపోతే ‘ఎక్స్’ అని సుద్దతో రాయడం. ‘ఎక్స్’ పడిన ఇంటికి మళ్లీ వెళ్లాలి. అసలు కష్టం గోడలు లేనివాళ్ల దగ్గర. ఇటుక బట్టీల కూలీలు, చేపల చెరువుల గట్ల మీద కాపలా పాకల్లో ఉండేవాళ్లు, పని వెతుక్కుంటూ రైలు దిగినవాళ్లు. వాళ్ల పిల్లలు ఏ జాబితాలోనూ ఉండరు.

ఇందులో ప్రధానమైన కష్టం ఏఎన్ఎంలది, అంగన్‌వాడీ కార్యకర్తలది. ఆ మాట స్పష్టంగా చెప్పుకోవాలి. క్లబ్బుల వాళ్లు చేసింది వాళ్ల వెనక నిలబడటం. ముందురోజు ఆటోకు మైకు కట్టి ఊరంతా తిప్పడం, బూత్‌లకు బ్యానర్లు కట్టడం, మధ్యాహ్నం వేళ పులిహోర పొట్లాలు అందించడం, పర్యవేక్షకులకు తమ బళ్లు ఇవ్వడం, ‘మా వాడికి పోయిన నెలే వేశారు, మళ్లీ ఎందుకండీ’ అని మొండికేసే ఇంటాయనకు నచ్చజెప్పడం. ఒక్కటీ ఫొటోకు పనికొచ్చే పని కాదు. అదే పని ఏడాది తర్వాత ఏడాది, రౌండు తర్వాత రౌండు.

మన దేశంలో సహజ వైరస్‌తో వచ్చిన చివరి పోలియో కేసు 2011 జనవరి 13న బెంగాల్‌లోని హౌరా జిల్లాలో నమోదైంది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌తో కలిపి ఆగ్నేయాసియా ప్రాంతానికి పోలియో రహితమని ధ్రువపత్రం ఇచ్చింది. 1985 నుంచి 2011 దాకా లెక్క వేయండి, ఇరవై ఆరేళ్లు. 1985 నాటికే ఉన్న ప్రతి రోటరీ క్లబ్బులోనూ ఇరవై ఆరు మంది అధ్యక్షులు మారారు. ‘ఇది మునుపటి ఆయన మొదలెట్టింది, నా హయాంలో కొత్తది పెడతాను’ అని వాళ్లలో ఎక్కువమంది అనుకుని ఉంటే ఈ గెలుపు ఉండేది కాదు. పాకిస్తాన్‌లో, అఫ్గానిస్తాన్‌లో ఆ వైరస్ ఇంకా తిరుగుతూనే ఉంది. అందుకే మన పిల్లలకు చుక్కలు ఇప్పటికీ ఆపలేదు.

లయన్స్ వాళ్లకు ఇలాంటి దీర్ఘకాలపు పని కళ్లు. 1925 జూన్ 30న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, సీడార్ పాయింట్‌లో జరిగిన సమావేశానికి హెలెన్ కెల్లర్ వచ్చారు. చూపూ వినికిడీ రెండూ లేని ఆ మహిళ, అంధుల పక్షాన నిలబడండి అని సభ్యుల్ని అడిగారు. వాళ్లు సరేనన్నారు. మరో అయిదేళ్లకు, చూపులేనివాళ్లు రోడ్డు దాటుతుంటే బళ్లవాళ్లకు కనబడేలా తెల్లకర్ర వాడకాన్ని ప్రచారంలోకి తెచ్చిందీ లయన్స్ సభ్యులే. హెలెన్ కెల్లర్‌కు ఆ మాట ఇచ్చి నూరేళ్లు దాటింది. ఇప్పటికీ పల్లెటూరి హైస్కూలు వరండాలో కంటి శిబిరం కనిపిస్తే బ్యానర్ మీద ఆ సింహం గుర్తు ఉండే అవకాశం ఎక్కువ.

శిబిరం సంగతి అందరికీ తెలిసిందే. పొద్దున్నే ముసలివాళ్లు వరసగా బల్లల మీద కూర్చుంటారు. టార్చిలైటుతో చూసి, కంట్లో పొర ముదిరినవాళ్లని పక్కన కూర్చోబెడతారు. బీపీ, షుగరు చూస్తారు. సాయంత్రానికి బస్సు ఆసుపత్రికి బయల్దేరుతుంది. ఒకప్పుడు బడి గదుల్లోనే ఆపరేషన్లు చేసి, సోడాబుడ్డి కళ్లద్దాలు ఇచ్చేవారు. ఇప్పుడు ఆసుపత్రి థియేటర్లోనే చేసి కంటి లోపల లెన్స్ అమరుస్తున్నారు. ఒకటి రెండు రోజుల్లో నల్లకళ్లద్దాలతో బస్సు దిగుతారు. ఫొటో అక్కడ తీస్తారు.

ఫొటో తరువాత నెల పైచిలుకు చుక్కలమందు వేయాలి. మొదట్లో రోజుకు నాలుగైదుసార్లు. తలస్నానం చేయకూడదు, పొయ్యి ముందు కూర్చోకూడదు, కన్ను నలపకూడదు. పిల్లలు హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో ఉండి, ఇంట్లో ఒంటరిగా ఉన్న పెద్దావిడకు ఆ చుక్కలు ఎవరు వేస్తారు? భీమవరం చుట్టుపక్కల ఇలాంటి ఇళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. క్లబ్బు కుర్రాడు ఒకడు సాయంత్రం బండి ఆపి ‘మామ్మగారూ, చుక్కలు వేసుకున్నారా’ అని అడిగితే, ‘వేసుకున్నాను బాబూ, సగం బుగ్గ మీదే పడ్డాయి’ అనే సమాధానం వస్తుంది. ఆ కుర్రాడు లోపలికి వెళ్లి, ఆవిడ తల వెనక్కి వాల్చి, కింది రెప్ప లాగి, ఒక్క చుక్క సరిగ్గా వేస్తే శిబిరం ఖర్చంతా సార్థకమైనట్టు. లేకపోతే మంచి ఆపరేషను కూడా చీము పట్టి పాడైపోవచ్చు. రెండో కంటికి ఆపరేషను ఎప్పుడో చెప్పి, ఆ రోజు బస్సు ఎక్కించేదాకా పేరు జాబితాలో ఉంచాలి. ఈ జాబితా జూన్ 30 దాటి జూలై 1కి చేరుతుందా అన్నదే ప్రశ్న. అధ్యక్షుడు మారితే చాలాచోట్ల ఆ కాగితం ఆయన సొరుగులోనే ఉండిపోతుంది.

నేత్రదానానికి ఇంకా గట్టి మనిషి కావాలి. కంటి నల్లగుడ్డు మీద అద్దంలా మెరిసే పొర కార్నియా. దెబ్బ తగిలో, పుండు పడో అది తెల్లబడితే మనవాళ్లు కంట్లో పువ్వు వేసిందంటారు. దానికి మందు లేదు. చనిపోయినవాళ్ల కార్నియా తెచ్చి అతకడమే దారి. ప్రాణం పోయిన ఆరు గంటల లోపు ఐ బ్యాంకు మనుషులు రావాలి. వాళ్లు వచ్చేదాకా కనురెప్పలు మూసి, తడి దూది పెట్టి, తల కింద దిండు ఎత్తుగా సర్ది, పైన ఫ్యాను ఆపేయాలి. తీయడానికి పట్టేది ఇరవై నిమిషాలు. ముఖం వికారంగా మారదు, దహనానికి ఆలస్యం కాదు. కళ్లద్దాలు వాడినవాళ్లూ, షుగరు ఉన్నవాళ్లూ, శుక్లం ఆపరేషను అయినవాళ్లూ ఇవ్వవచ్చు. తీసిన కార్నియాను ఎంకే మీడియం అనే ద్రావకంలో చల్లగా ఉంచితే నాలుగు రోజుల దాకా నిలుస్తుంది. ఒకరి కళ్లు ఇద్దరికి చూపునివ్వగలవు.

ఇదంతా కరపత్రం మీద రాసి ఉంటుంది. ఏటా ఆగస్టు 25 నుంచి సెప్టెంబరు 8 దాకా నేత్రదాన పక్షోత్సవాల్లో కాలేజీల్లో వందల కార్డుల మీద సంతకాలూ అవుతాయి. కానీ సంతకం చేసిన మనిషి పోయినప్పుడు ఆ కార్డు మాట్లాడదు. ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాలి, ఒకరు ఫోన్ చేయాలి. ఏడుపుల మధ్య, పెద్దకొడుకు రైల్లో ఉన్నాడో విమానంలో ఉన్నాడో తెలియని గందరగోళంలో, ఆ మాట ఎత్తేదెవరు? ‘కళ్లు తీసేస్తే వచ్చే జన్మలో గుడ్డిగా పుడతారట’ అనే ముసలమ్మకు కోపం రాకుండా జవాబు చెప్పేదెవరు? ఆ కుటుంబంతో పదేళ్లుగా రాకపోకలున్న మనిషి అయితేనే ఆ గదిలో నోరు విప్పగలడు. ఊరి క్లబ్బుకు ఉన్న అసలు ఆస్తి ఆ పరిచయం. బయటి నుంచి వచ్చే ఏ పెద్ద సంస్థకూ అది ఉండదు.

ఈ విషయంలో ఉమ్మడి పశ్చిమ గోదావరికి గర్వపడే సంబంధం ఒకటుంది. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టిన సినీ దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ ఇచ్చిన స్థలం, ధనం ఆసరాగా డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో కంటి వైద్య సంస్థను నిలబెట్టారు. కార్నియా మార్పిడిలో దానిది ఇవాళ ప్రపంచస్థాయి పేరు. మొగల్తూరు వాడైన చిరంజీవి 1998 అక్టోబరు 2న హైదరాబాద్‌లో రక్తనిధి, నేత్రనిధి రెండూ మొదలుపెట్టారు. ప్రసాద్, చిరంజీవి ఇద్దరూ ఈ గోదావరి మట్టివాళ్లే.

రక్తం మాట వచ్చింది కాబట్టి ఒక్క సంగతి. రక్తదాన శిబిరాలు మన దగ్గర తక్కువేమీ కాదు. హీరోల పుట్టినరోజులకు, నాయకుల పుట్టినరోజులకు, అక్టోబరు 2కి వరసగా జరుగుతాయి. రక్తం నిల్వ ఉండేది ముప్ఫై అయిదు రోజులు, ప్లేట్‌లెట్లయితే అయిదు రోజులే. ఒకే వారంలో వచ్చిపడిన రక్తం నెల తిరిగిన కొద్ది రోజులకే గడువు దాటిపోతుంది. మే నెలలో ఎస్ఆర్‌కేఆర్, విష్ణు, డీఎన్నార్ కాలేజీల పిల్లలు సెలవులకు ఇళ్లకు పోతారు. దాతలు కరువైన ఆ ఎండల్లోనూ కాన్పులు ఆగవు, రోడ్డు ప్రమాదాలు ఆగవు, తలసీమియా పిల్లలకు రెండు మూడు వారాలకోసారి ఎక్కించాల్సిన రక్తం ఆగదు. ఊళ్లోని క్లబ్బులన్నీ ఒక క్యాలెండరు ముందేసుకుని తేదీలు పంచుకుంటే చాలు. డబ్బు ఖర్చు లేని సేవ ఇది. అయినా జరగడం కష్టం. ఎందుకంటే ప్రతి అధ్యక్షుడికీ తన పెద్ద శిబిరం తనకు కావాలి.

ఏళ్ల తరబడి సాగాల్సిన పనిని ఒక్క దాత మీద ఆనిస్తే ఏమవుతుందో కూడా ఈ ప్రాంతం చూసింది. ఉప్పునీళ్లు, చెరువుల మురుగు వల్ల ఇక్కడి పల్లెల్లో తాగునీరు కొనుక్కోవాల్సి వస్తోంది. 2001లో ఏర్పడిన బైర్రాజు ఫౌండేషన్ గోదావరి జిల్లాల ఊళ్లలో నీటి శుద్ధి ప్లాంట్లు పెట్టించింది. ఊరివాళ్లూ తమ వాటా కలిపారు, క్యాను పట్టుకున్నవాళ్లు కొద్దిపాటి రుసుము కట్టారు. 2009 జనవరిలో, ఆ ఫౌండేషన్ పెట్టిన బైర్రాజు కుటుంబానిదే అయిన సత్యం కంప్యూటర్స్ కంపెనీలో లెక్కల మోసం బయటపడింది. ఆ కుటుంబం వెనక ఉన్న సేవా సంస్థలన్నీ కుదుపుకు లోనయ్యాయి. ఆ కుటుంబం చొరవతోనే 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు నిర్వహణ జీవీకే సంస్థ చేతికి మారింది. ప్రభుత్వం ఖర్చు భరించడం వల్ల, ఉద్యోగులు నిలబడి ఉండటం వల్ల ఆ బళ్లు ఆగలేదు. దాత వెళ్లిపోయినా రేపు పొద్దున్న ఆ పని ఎవరు చేస్తారు, దాని జీతం ఎక్కడి నుంచి వస్తుంది? ఏ సేవా కార్యక్రమానికైనా ప్రారంభోత్సవం రోజునే ఈ లెక్క తేల్చి పెట్టుకోవాలి.

ఆ లెక్క ముందే తేల్చి పని మొదలుపెట్టడానికి భీమవరంలో చేతిలోనే ఒక అవకాశం ఉంది. కార్తీక మాసంలో గునుపూడి సోమేశ్వరుడి గుడికి, ఉత్సవాల రోజుల్లో మావుళ్లమ్మ గుడికి, మామూలు రోజుల్లో బజారుకు పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి దొరకడం ఇప్పటికీ కష్టమే. నీళ్లు తాగడం మానేసి బయల్దేరే వాళ్లున్నారు. కట్టించడానికి దాతలు ముందుకొస్తారు, శిలాఫలకం ఉంటుంది కదా. మూడో నెలలో కుళాయి విరిగితే బాగు చేయించేదెవరు? కడిగే మనిషికి నెలనెలా జీతం ఇచ్చేదెవరు? క్లబ్బు పూనుకోవాల్సింది ఆ జీతానికి. దానికి ఫలకం ఉండదు. కానీ అయిదేళ్లపాటు ప్రతి నెలా ఇస్తామని తీర్మానం రాసుకుంటే ఊళ్లో ఆడవాళ్లు దాన్ని మరిచిపోరు. ఈ తీర్మానం చేసేటప్పుడు బల్ల దగ్గర ఆడవాళ్లు ఉండాలి. రోటరీ, లయన్స్ రెండూ మహిళలకు సభ్యత్వపు తలుపులు తెరిచింది 1980ల చివరలోనే. ఇంకా చాలా పట్టణాల్లో వాళ్లకు విడిగా మహిళా విభాగాలు పెట్టి ఊరుకుంటున్నారు.

వచ్చే ఏడాదికి అధ్యక్షుడెవరో క్లబ్బుల్లో నెలల ముందే ఖాయమవుతుంది. ఆ కాబోయే అధ్యక్షుడు, దిగిపోతున్న అధ్యక్షుడు, ఇద్దరి కార్యదర్శులు జూన్‌లో ఒక సాయంత్రం కూర్చుని కొన్ని కాగితాలు చేతులు మార్చుకుంటే ఈ ప్రసంగంలో చెప్పినవన్నీ తేలికవుతాయి. రెండో కంటికి ఆపరేషను మిగిలి ఉన్నవాళ్ల పేర్లు, వీధులతో సహా. మే నెలలో రక్తం ఇస్తామని మాటిచ్చినవాళ్ల జాబితా. ఐ బ్యాంకుకు రాత్రివేళ ఫోన్ చేసే బాధ్యత ఎవరిదో, ఆయన ఊళ్లో లేకపోతే ఎవరిదో. కుట్టుమిషన్లు తీసుకున్నవాళ్లలో ఎవరి మిషను తిరుగుతోంది, ఎవరిది మూలపడింది అన్న వివరం. నాలుగు కాగితాలూ మినిట్స్ పుస్తకంలో అంటించి, కొత్త సంవత్సరం మొదటి సమావేశంలో పైకి చదవాలి.

క్లబ్బులో లేని శ్రోతలకు ఒక విన్నపం. ఈ రాత్రి భోజనాల దగ్గర మీ ఇంట్లో నేత్రదానం మాట ఎత్తండి. పెద్దవాళ్ల అభిప్రాయం కనుక్కోండి, మీ అభిప్రాయం పిల్లలకు చెప్పండి. దగ్గరలోని ఐ బ్యాంకు నంబరు తెలుసుకుని ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి.